ఈత విద్య

గోదావరి, కృష్ణ, పెన్న, వంశధార మొదలగు నదులును, లెక్కకు మిక్కిలియైన చెరువులు, కాలువలును తెలుగునేలకు సహజసంపదలు. తూర్పున బంగాళాఖాతము కలదు. ఇట్లు నీటి చెంత నివసించు ప్రజలకు నీటితో మెలగు నేర్పు అత్యావశ్యకము. పూర్వము పల్లెలలో నడక వలెనే ఈతయు బాల్యమునందే అలవడుచుండెడిది. ఎండిన సొరకాయ బుర్రలనో, జీలుగు బెండ్లనో నడుమునకు కట్టి పెద్దలు పిల్లలను దిగుడుబావిలోనికి దింపుచుండిరి. కొన్నాళ్లకు బెండ్లు విప్పివేసినను పిల్లవాడు జంకక బారలు వేయుచుండెను. నేడు పెక్కు దిగుడుబావులు పూడిపోయినవి. నీరు సమీపముననే యున్నను ఈత రాని బాలబాలికలు పెక్కండ్రు కలరు. ఇది విచారింపదగిన విషయము.

మనుష్యుడు నీటిపై తేలుటకు కారణమేమి? ఊపిరితిత్తులు గాలితో నిండినపుడు దేహము తనంత పరిమాణము గల నీటికంటె ఇంచుక తేలికయగును. గాలి పూర్తిగా విడిచినచో పలువురి శరీరము మెల్లగా మునుగును. భయపడినవాడు చేతులు పైకెత్తి కొట్టుకొనును. అపుడు వెలుపలికి వచ్చిన చేతుల బరువే తలను నీటిలోనికి అదుమును. అట్లుగాక వెల్లకిల పరుండి, చెవులు మునుగువరకు తల వెనుకకు వాల్చి, నిదానముగా ఊపిరి పీల్చువాడు స్వల్పశ్రమతోనే తేలియుండగలడు. సముద్రజలములో కిలోగ్రామునకు సుమారు 35 గ్రాముల లవణములుండుటచే అందు తేలుట మరింత సులభము. కావున ఈతలో మొదటి పాఠము చేతులాడించుట కాదు, భయమును జయించుట.

ఈత సర్వాంగములకును వ్యాయామము. భుజములు, వీపు, తొడలు, పిక్కలు ఏకకాలమున పనిచేయును. శ్వాసను లయబద్ధముగా నడుపుట అలవడును; గుండెకు బలము చేకూరును. మెడవరకు నీటిలో నున్నపుడు కీళ్లపై శరీరభారము మిక్కిలి తగ్గును. అందుచే వృద్ధులకును, కీళ్లనొప్పులు గలవారికిని ఇది అనువైన వ్యాయామము. ఆరుబయట, చెట్లనీడల నడుమ, స్వచ్ఛమైన నీటిలో ఈదినవారి మనస్సు సైతము తేటపడును.

ఈ విద్యలో అసమానప్రతిభ చూపినవారు కలరు. 1875లో మాథ్యూ వెబ్ అను ఆంగ్లేయుడు ఇంగ్లీషు కాలువను 21 గంటల 45 నిమిషములలో ఈదెను. 1958లో మిహిర్ సేన్ ఆ కాలువను దాటిన తొలి భారతీయుడయ్యెను. మరుసటి సంవత్సరమే ఆరతీ సాహా దానిని ఈది, ఆ ఘనకార్యము చేసిన తొలి ఆసియా మహిళగా కీర్తి గడించెను. తెలుగు మహిళ గోలి శ్యామల 2021లో శ్రీలంక, భారతదేశముల నడుమ నున్న పాక్ జలసంధిని దాటెను. ఈత బాలురకు మాత్రమే తగిన విద్య యనుట పొరపాటని వీరి చరిత్రములు చాటుచున్నవి.

“ఈతకు మించిన లోతు లేదు” అని సామెత. నిలకడనీటిలో ఇది సత్యమే. కాని ప్రవాహమునందు లోతుకంటె వేగము భయంకరమైనది. వేగము రెట్టింపైనచో నీటి త్రోపుడు నాలుగు రెట్లగును. 2014వ సంవత్సరము జూన్ 8వ తేదీన హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, హైదరాబాదునుండి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు కొట్టుకొనిపోయి అసువులు బాసిరి. వారు నదిని ఈదబోయినవారు కారు. నీరు తక్కువగా నున్నవేళ ఛాయాచిత్రములకై నదిలోనికి దిగిరి. ఎగువనున్న ఆనకట్టనుండి నీరు విడుదలయగుటతో స్వల్పకాలములోనే ప్రవాహము పెరిగెను. ఆనకట్టల దిగువను, వర్షకాలపు నదులయందును ఇట్టి ప్రమాదము ఎల్లప్పుడును పొంచియుండును. మహారాష్ట్రలో కురిసిన వర్షము వలన, ఇచట ఆకాశము నిర్మలముగా నున్నను, గోదావరికి వరద రావచ్చును. ఇసుక త్రవ్విన చోట్ల మోకాలిలోతు నీటి ప్రక్కనే నిలువులోతు గుంట యుండవచ్చును.

సముద్రతీరమున మరియొక అపాయము కలదు. కెరటములతో ఒడ్డునకు చేరిన నీరు కొన్నిచోట్ల సన్నని పాయగా కూడి, వేగముగా లోపలికి మరలిపోవును. దానిలో చిక్కినవాడు ఒడ్డువైపునకు ఎదురీదినచో అలసి మునుగును. అతడు తేలియుండి, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ పాయను దాటిన పిమ్మట తీరమునకు మరలవలెను.

కావున ఈతకు కొన్ని నియమములు పాటింపవలెను. ఈత నేర్చిన పెద్దవారి పర్యవేక్షణ లేనిదే నీట దిగరాదు. ఒంటరిగా ఎన్నడును ఈదరాదు. లోతు తెలియనిచోట తల క్రిందుగా దుముకరాదు. అడుగున రాయి యున్నచో మెడ విరుగును. మురుగు కలిసిన నీటను, పచ్చని నాచు ముసిరిన నీటను స్నానమాడరాదు. ఉరుములు వినబడినంతనే ఒడ్డునకు చేరవలెను. చన్నీరు గాలికంటె ఎన్నో రెట్లు త్వరగా దేహపు వేడిని హరించును. వణకు పుట్టినచో వెంటనే వెలికి రావలెను.

మునుగువాడు తరచుగా కేక వేయజాలడు. ఊపిరికే తపించువానికి మాట రాదు. అట్టివానిని చూచి ఈత రానివాడు జాలిచే నీట దూకినచో ఒక ప్రాణమునకు బదులు రెండు ప్రాణములు పోవును. పెద్దగా కేకలు వేసి పెద్దలను పిలువవలెను. ఒడ్డుననే యుండి త్రాడో, వెదురుగడయో, పంచెయో అందింపవలెను. మూత బిగించిన ఖాళీ డబ్బానైనను విసరవలెను. వెలికి తీసినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, పొట్ట నొక్కుట పనికిరావు. ఊపిరి లేనిచో నోటిలో నోరుంచి గాలి ఊదవలెను. పిదప ఛాతీ నడుమ 30 పర్యాయములు నొక్కుట, 2 పర్యాయములు ఊదుట వంతున, 108 వాహనము వచ్చువరకు విడువక చేయవలెను. ఈ పద్ధతిని తెలిసినవారివద్ద ముందుగానే అభ్యసింపవలెను.

నీరు మిత్రుడు కాదు, శత్రువు కాదు. దాని స్వభావము నెరిగినవానికి అది ఆరోగ్యమును, ఆనందమును ఇచ్చును; ఎరుగనివానిని క్షమింపదు. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఈత నేర్వవలెను. నేర్చిన పిమ్మటను నీటియెడ జాగరూకత విడువరాదు.