వార్తల్లో పదం: ప్రయాణ బీమా

పరదేశమునకు పోవువానికి ఆకస్మికముగా సంభవించు వ్యాధి, ప్రమాదము, సామాను నష్టము, ప్రయాణభంగము మున్నగువానివలన కలుగు వ్యయమును, ముందుగా చెల్లించిన ప్రీమియమునకు ప్రతిగా భరించెదనని బీమా సంస్థ చేయు ఒడంబడికయే ప్రయాణ బీమా. ఐరోపాలోని షెంగెన్ దేశములు, 2009 నాటి వీసా నియమావళి ననుసరించి, కనీసము 30,000 యూరోల వైద్యబీమా చూపనిదే మనవారికి స్వల్పకాలిక వీసా నొసగవు. అత్యవసర చికిత్సనే కాక, రోగిని స్వదేశమునకు చేర్చు వ్యయమును సైతము అది భరింపవలెను.

అమెరికా సందర్శక వీసాకు అట్టి నిర్బంధము లేదు. కావుననే, బిడ్డలను, మనుమలను చూడవలెనను ఆరాటముతో హైదరాబాదునుండియో విజయవాడనుండియో బయలుదేరు వృద్ధ దంపతుల విషయమున ఆ బాధ్యత సంపూర్ణముగా కుటుంబముమీదనే నిలుచుచున్నది. అచ్చటి 1986 నాటి శాసనము, ప్రాణాపాయస్థితిలో అత్యవసర విభాగమునకు వచ్చినవానిని ధనము గలదా లేదా యని చూడక స్థిమితపరుపుమని ఆసుపత్రులను ఆదేశించుచున్నదే కాని, పిదప వచ్చు బిల్లును మాఫీ చేయుట లేదు. కొన్ని దినముల ఆసుపత్రివాసము జీవితకాలపు పొదుపును హరింపగలదు.

పాలసీ కొన్నంతమాత్రమున కర్తవ్యము తీరదు. మధుమేహము, రక్తపోటు వంటి పూర్వవ్యాధులను పెక్కు పాలసీలు మినహాయించును, లేదా పరిమితముగా మాత్రమే అంగీకరించును. ప్రీమియము తగ్గునను ఆశతో తండ్రి గుండెజబ్బును దాచి సంతకము చేయు కుమారుడు, క్లెయిము తిరస్కరింపబడు వేళ ఆయనను నిరాధారునిగా విడిచినవాడగును. మినహాయింపుల పుటను బయలుదేరుటకు ముందే పెద్దలకు చదివి వినిపింపవలెను.