క్లారినెట్ నాదము - రీడు, శ్వాస

క్లారినెట్ ఒంటి రీడుతో పలికే సుషిర వాద్యము. జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరానికి చెందిన యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ 1700 ప్రాంతంలో షాలుమో అనే పాత వాద్యమును మెరుగుపరచి దీనిని రూపొందించాడని చెబుతారు. పాశ్చాత్య వాద్యబృందాలలోను, కర్ణాటక సంగీత కచేరీలలోను, తెలుగునాట పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళాలలోను ఇది వినిపిస్తుంది. దీని నాదము నిండుగా ఉండడానికి వేళ్ళ నైపుణ్యము కంటె ముందు కావలసినవి రెండు: మౌత్‌పీసుకు తగిన రీడు, దానిని నిలకడగా కంపింపజేసే శ్వాస. వీటిలో ఏది లోపించినా విద్యార్థులు ఆ లోపమును దవడ బిగించి పూరించబోతారు. అప్పుడు నాదము సన్నబడుతుంది. క్రింది పెదవి లోపలివైపు పళ్ళ ఒరిపిడికి పుండు పడుతుంది. సాధన మానివేయడానికి ఈ బాధే చాలు.

నాదము పుట్టే విధము

రీడు చదునైన వైపు మౌత్‌పీసును ఆనుకొని ఉంటుంది. వాటి కొసల మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు ఉంటుంది. ఆ సందులోనికి గాలి ఊదినపుడు రీడు వేగముగా మూసుకుంటూ తెరచుకుంటూ, గొట్టములోని గాలిని కంపింపజేస్తుంది. ఊదే పీడనము మరీ తక్కువైతే గాలి బుసబుస తప్ప స్వరము పుట్టదు. మరీ ఎక్కువైతే రీడు మౌత్‌పీసుకు అతుక్కొని మూసుకుపోతుంది. వాదనము అంతా ఈ రెండు హద్దుల మధ్యనే సాగవలెను. మెత్తని రీడుకు పై హద్దు తొందరగా వచ్చేస్తుంది, గట్టి రీడుకు క్రింది హద్దు చేరడమే కష్టము. రీడును, శ్వాసను విడివిడిగా చర్చించలేకపోవడానికి కారణము ఇదే.

క్లారినెట్ ఒక చివర మూసిన గొట్టము వలె ప్రవర్తిస్తుంది. అందుచేత దాని క్రింది స్థాయి స్వరాలలో బేసి అనుస్వరాలు ప్రబలముగా ఉండి, ఆ గంభీరమైన, కొంత బోలుగా తోచే నాదము వస్తుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రము చదివినవారికి ఇది పరిచితమైన విషయమే.

రీడు ఎంపిక

రీడును ఆరుండో డోనాక్స్ అనే రెల్లుజాతి మొక్క కాండము నుండి చేస్తారు. ఫ్రాన్సు దక్షిణ భాగములోని వార్ ప్రాంతము ఈ పంటకు ప్రసిద్ధి. కాండమును ఎండబెట్టి, చీల్చి, కొస సుమారు 0.1 మిల్లీమీటరు మందము వచ్చేవరకు చెక్కుతారు. ఇంత పలుచని కొస కనుక గోరు తగిలినా చాలు, చిట్లిపోతుంది.

పెట్టెమీద సాధారణముగా 1 నుండి 5 వరకు ఉండే సంఖ్య రీడు మందమును సూచిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బిరుసుతనమునకు కొలత. ఒకే ఆకృతిలో చెక్కిన రీడ్లను వంచి చూసి, వాటి ప్రతిఘటనను బట్టి వర్గీకరిస్తారు. ఒక తయారీదారుని 3, మరొకరి 3 ఒకటి కానక్కరలేదు. ప్రారంభకులకు 2 లేదా 2½ అనువుగా ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ విద్య పెరిగినట్లు భావించి గట్టి రీడ్లకు పోవడము విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు. కొసల మధ్య సందు వెడల్పుగా ఉన్న మౌత్‌పీసుకు మెత్తని రీడు, ఇరుకైనదానికి గట్టి రీడు పొసగుతాయి. అందుచేత అనుభవజ్ఞులు కూడ 2½ వాడడములో వింత లేదు. కర్ణాటక సంగీతములో గమకాలకు వేళ్ళతో పాటు పెదవుల ఒత్తిడిని మార్చి స్వరమును జార్చవలసి ఉంటుంది. మరీ బిరుసైన రీడు దీనికి లొంగదు.

రీడు గట్టిదైతే నాదములో గాలి చప్పుడు కలుస్తుంది, చిన్నగా వాయించబోతే స్వరము ఆగిపోతుంది. మెత్తదైతే నాదము రేకు చప్పుడు వలె ఉండి, గట్టిగా ఊదినపుడు శ్రుతి దిగిపోతుంది, పై స్వరాలు పలకవు. కొత్తది కొనే ముందు రీడు స్థానమును సరిచూడవలెను. రీడును వెంట్రుకవాసి పైకి జరిపితే గట్టిగాను, క్రిందికి జరిపితే మెత్తగాను ప్రవర్తిస్తుంది.

ఒకే పెట్టెలోని రీడ్లన్నీ ఒకే విధముగా ఉండవు. మూడు నాలుగింటికి వెనుక గుర్తులు వేసుకొని వంతులవారీగా వాడవలెను. కొత్త రీడును మొదటి కొద్ది రోజులు పది నిమిషములకు మించి వాయించకపోవడము మేలు. వాడిన తరువాత తుడిచి, చదునైన పెట్టెలో ఆరబెట్టవలెను. మౌత్‌పీసు మీదనే వదిలివేస్తే బూజు పడుతుంది. ఒకరి రీడును మరొకరు వాడరాదు.

శ్వాస ఆధారము

"ఉదరవితానముతో ఊదు" అని గురువులు చెప్పే మాట శాస్త్రరీత్యా సరికాదు. ఊపిరితిత్తుల క్రింద గుమ్మటము వలె ఉండే ఆ కండరము గాలిని లోనికి తీసుకునేది. బయటికి నెట్టే పని ముఖ్యముగా పొట్ట కండరాలది, ప్రక్కటెముకల మధ్య కండరాలది. మాట తప్పైనా దాని ఉద్దేశము మంచిదే: భుజములు ఎగరవేయకుండా, పొట్ట, నడుము ప్రక్కలు వెడల్పయ్యేటట్లు గాలి నింపి, స్వరము ముగిసే వరకు పీడనమును సడలనీయకూడదు.

వేణువుతో పోల్చినపుడు క్లారినెట్‌కు ఖర్చయ్యే గాలి తక్కువ, కావలసిన పీడనము ఎక్కువ. చిన్నగా వాయించేటపుడు గాలిని వదిలివేయడము వలననే స్వరము వణుకుతుంది. ధ్వని తగ్గినా పీడనము నిలవవలెను. ఇందుకు పాతదే అయినా మంచి సాధన దీర్ఘస్వరము. ఒక స్వరమును ఎనిమిది మాత్రల కాలము పెంచుతూ, ఎనిమిది మాత్రల కాలము తగ్గిస్తూ, శ్రుతిపెట్టె లేదా ట్యూనరు సాయముతో వాయించవలెను. క్లారినెట్ సహజముగా గట్టిగా ఊదితే శ్రుతి దిగుతుంది, చిన్నగా ఊదితే ఎక్కుతుంది. ఈ సాధనలో ఆ తేడా స్పష్టముగా బయటపడుతుంది.

బి ఫ్లాట్ క్లారినెట్ మౌత్‌పీసును, బారెల్‌ను మాత్రమే కలిపి ఊదితే ట్యూనరు మీద సుమారు ఎఫ్ షార్ప్ కనిపించవలెను. స్వరము అంతకంటె దిగితే పెదవులు వదులుగా ఉన్నాయని, ఎక్కితే దవడ కొరుకుతున్నదని గ్రహించవచ్చును.

కృత్రిమ రీడ్లు

కెనడాకు చెందిన లెజేర్ వంటి సంస్థలు ప్లాస్టిక్ రీడ్లను తయారు చేస్తున్నాయి. వీటిని తడపనక్కరలేదు, వాతావరణ తేమకు వంకర పోవు. ఎండలో నడుస్తూ గంటల తరబడి వాయించే బ్యాండు వాద్యకారులకు ఇది చిన్న సౌకర్యము కాదు. ఒక్కొక్కటి మామూలు రీడుకు ఎన్నో రెట్లు ఖరీదు, కాని ఎక్కువ కాలము మన్నుతుంది. నాదములో రెల్లు రీడుతో సమానమా అన్న విషయమై వాద్యకారులలో ఏకాభిప్రాయము లేదు.