ఇంటి గాదెకు ఇంటివారే మరమ్మతు

సార్వా వరి గింజ గట్టిపడుచున్నది. ఈ రోజులలో ప్రతి రైతు చూపును పొలముమీదనే యుండును. కాని కోతలు మొదలగుటకు ముందు ఒక్క పూట ఆ చూపును ఇంటివైపు త్రిప్పవలెనని కోరుచున్నాను. గాదె తలుపు తీసి, అడుగున మిగిలిన పాత ధాన్యమును దీపము పెట్టి చూడుడు. పిడికెడు వడ్లు తెల్లని గుడ్డపై పోసినచో ముక్కుపురుగులు, నుసిపురుగులు, వడ్ల చిలుకలు అన్నియు మీకు దర్శనమిచ్చును. క్రొత్త పంటకు పురుగు ఎక్కడనుండి వచ్చినదని మాఘమాసములో మమ్ములను అడిగెడి రైతులు చాలమంది కలరు. అది చాలవరకు ఇక్కడనుండియే వచ్చుచున్నది.

ఉన్న ధాన్యమునంతయు బయటకు తీయవలెను. మూలలలోను, పలకల సందులలోను ఇరుకుకొన్న గింజలను ఇనుప చువ్వతో గీకి, ఊడ్చి, కోళ్ళకు వేయవచ్చును; పనికిరాని దుమ్మును తగులబెట్టవలెను. పాత ధాన్యముపై క్రొత్త ధాన్యము పోయుట అంటే పురుగునకు క్రొత్త కాపురము పెట్టించుటయే.

మట్టి గోడలు గల గాదెలకు, గుమ్ములకు పూత పని చేయవలెను. పుట్టమన్ను, తరిగిన వరిగడ్డి, కొద్దిగా పేడ కలిపి నీరు పోసి త్రొక్కి, నాలుగైదు దినములు నాననిచ్చినచో ఆ మట్టి పగులకుండ పట్టుకొనును. బీటలను పైపైన మెత్తుట వలన ప్రయోజనము లేదు. ముందు కత్తి మొనతో బీటను లోపలివరకు గీకి శుభ్రపరచి, తడిపి, ఆ పిమ్మట మట్టి కూరవలెను. పూత ఆరిన తరువాత సున్నము కొట్టి, కనీసము వారము దినములు తలుపు తెరచి ఎండనీయవలెను. తడి గోడల మధ్య పొడి ధాన్యము పోసినచో ఆ తడిని గింజయే పీల్చుకొనును.

ఎలుక విషయములో పిల్లిని నమ్ముకొన్నవారిని నేను ఎగతాళి చేయను గాని, పిల్లికంటె రేకు నమ్మకమైనది. గాదె నేలకు 3 అడుగుల ఎత్తున కాళ్ళపై నిలిచియుండి, చుట్టు గోడ గాని నిచ్చెన గాని ఆనకుండ ఉన్నచో ఎలుక దానిపైకి దుముకుట కష్టము. కాళ్ళు ప్రాకియే ఎక్కవలెను. పాత నూనె డబ్బా రేకును కత్తిరించి గరాటువలె చుట్టి, వెడల్పు మూతి క్రిందికి ఉండునట్లు ప్రతి కాలికి మేకులతో బిగింపుడు. రేకు అంచు కాలికి చుట్టును 9 అంగుళములు బయటకు రావలెను. నేలలోని కన్నములను మట్టితో పూడ్చినచో ఆ రాత్రికే మరల త్రవ్వును. గాజు పెంకులను సిమెంటులో కలిపి లోతుగా కూరవలెను. ఆ తరువాత నిచ్చెనను గాదెకు ఆనించి మరచిపోయినచో మాత్రము ఈ శ్రమయంతయు వృథా.

ఇంత చేసినను ధాన్యములో తేమ ఉన్నచో గాదె ఏమియు చేయలేదు. ఇది నేను మా ఇంటనే నేర్చుకొంటిని. చదువు ముగించి ఉద్యోగములో చేరిన మొదటి ఏట, సెలవు అయిపోవుచున్నదని తొందరపడి, ఎండిన వడ్లను సాయంకాలము వేడి చల్లారకముందే గాదెకు ఎత్తించితిని. "రేపు పొద్దున ఎత్తుకొందము" అన్న మా నాయనగారి మాట వినలేదు. రెండు నెలలకు మూత తీసి చూడగా పైన జానెడు మందము అట్టకట్టి, బూజు వాసన కొట్టుచుండెను. విత్తనమునకని ఉంచినవి మూడు బస్తాలును మొలకకు పనికిరాకపోయెను. "అన్ని పుస్తకాలు చదివితివి, వడ్లు చేత్తో పట్టుకొని చూడలేదటరా?" అని మా అమ్మ అడిగినది. వేడి ధాన్యములోని ఆవిరి పైకి లేచి, రాత్రి చలికి పై పొరలో నీరై దిగును. పుస్తకములలో నేను చదివినదే యది.

కావున వడ్లను 2 అంగుళములకు మించని మందమున పరచి, మాటిమాటికి త్రిప్పుచు ఎండబెట్టవలెను. తారు రోడ్డుపై మధ్యాహ్నపు ఎండలో పోసిన విత్తనపు వడ్లలో మొలక శక్తి చెడును. తేమ 12 శాతమునకు దిగినచో నిలువకు భయము లేదు. తేమ కొలుచు యంత్రము అందుబాటులో లేనివారు, బాగుగ ఎండిన సీసాలో మూడవ వంతు వరకు వడ్లు పోసి, వేయించి ఆరబెట్టిన ఉప్పు గుప్పెడు వేసి, మూత బిగించి బాగుగ కుదిపి, పావుగంట ఉంచవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో తేమ 15 శాతమునకు పైన ఉన్నదన్నమాట. అంటనంత మాత్రమున సంతోషింపక, మరి రెండు ఎండలు చూపుడు. పంట క్రింద గింజ కటుక్కుమని విరగవలెను. తరువాత రాత్రంతయు నీడను చల్లార్చి, తెల్లవారిన పిమ్మట గాదెకు ఎత్తవలెను.

పెసలు, మినుములు, కందులకు పుచ్చుపురుగు శత్రువు. ఇంటి వాడకమునకు ఉంచుకొను పప్పుధాన్యములకు కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించి కుండలో పోసి, పైన 2 లేక 3 అంగుళముల పొడి ఇసుక పరచినచో చాలును. పాత గోనెలను వేపగింజల కషాయములో ముంచి ఆరబెట్టి వాడుకొనుడు. లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి వేసి రాత్రంతయు నానబెట్టి వడకట్టినదే ఆ కషాయము. గాలి చొరని పొరల సంచులు ఇప్పుడు దొరకుచున్నవి. బాగుగ ఎండిన గింజకు అవి మేలైనవే.

ఇక బిళ్ళల సంగతి. పెద్దవారికి ఇ.డి.బి. గాజు గొట్టములు, బి.హెచ్.సి. పొడి గుర్తుండియుండవచ్చును. బి.హెచ్.సి.ని 1997లోను, ఇ.డి.బి.ని 2001లోను మన దేశమున నిషేధించిరి. ఇప్పుడు పురుగుపట్టిన ధాన్యమునకు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు తెచ్చి గాదెలో వేయుట కొన్ని ఇండ్లలో చూచుచున్నాము. 3 గ్రాముల బిళ్ళ ఒక్కటి గాలిలోని తేమ తగిలి 1 గ్రాము ఫాస్ఫీన్ విషవాయువును విడుచును. పెద్ద గిడ్డంగులలో, శిక్షణ పొందినవారు, అధికారుల పర్యవేక్షణలో వాడవలసిన వస్తువది. రైతు ఇంటిలో వాడుటకు చట్టమే ఒప్పదు. గాదె ఉన్నది పడకగది ప్రక్కనే కదా! ఆ వాయువు పలకల సందునుండి, తలుపు క్రిందినుండి ప్రాకి నిద్రించువారిని చేరును. ధాన్యపు బస్తాలలో బిళ్ళలుంచి ఆ ఇంటనే పండుకొన్న కుటుంబములలో పిల్లలు మరణించిన వార్తలు దినపత్రికలలో వచ్చినవి. మొదట వాంతులు, కడుపునొప్పి, ఆయాసము కనబడుటచే రాత్రి తిన్న తిండి పడలేదని అనుకొని కాలము గడుపుదురు. దీనికి విరుగుడు మందు లేదు. అట్టి అనుమానము కలిగిన క్షణమే అందరును ఆరుబయటకు వచ్చి, ఆసుపత్రికి పోయి, బిళ్ళ సంగతి దాచక వైద్యునికి చెప్పవలెను. బిళ్ళ డబ్బాపై నీరు పోయరాదు. ఈ బిళ్ళలు ఊరి దుకాణములో విడిగా అమ్ముచున్నట్లు తెలిసినచో గ్రామాధికారులు వెంటనే వ్యవసాయ శాఖకు తెలుపవలెను.

గాదె నింపిన తరువాత పదిహేను దినములకు ఒకసారి మోచేయివరకు చేయి లోపలికి దూర్చి చూడుడు. వెచ్చగా తగిలినచో ఆ దినమే తీసి ఎండబెట్టుడు. విత్తనపు వడ్లలో 100 గింజలు లెక్కించి తడి గోనెపట్టాలో చుట్టి, వారము దినములు తడి ఆరకుండ ఉంచవలెను. 80కి తక్కువ మొలచినచో అది విత్తనమునకు పనికిరాదు. ఈ పరీక్ష వైశాఖములో చేసినచో వేరు విత్తనము వెదకుకొనుటకు వ్యవధి ఉండును.