శిలీంధ్ర జీనోమ్‌లో జన్యువుల గుర్తింపు: అగ్గితెగులు ఉదాహరణ

వరిలో అగ్గితెగులును, మెడవిరుపును కలిగించే శిలీంధ్రం మాగ్నపోర్తె ఒరైజే. మన సాంబ మసూరి దీనికి తేలికగా లొంగుతుంది. ఈ శిలీంధ్రపు 70-15 అనే స్ట్రెయిన్ జీనోమ్ వివరాలు 2005లో వెలువడ్డాయి. అందులో 11,109 జన్యువులున్నట్లు ప్రకటించారు. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. వీటిలో అధికభాగం ప్రయోగశాలలో నిరూపించినవి కావు, కంప్యూటర్ అంచనా వేసినవి.

1996లో ఈస్ట్ జీనోమ్ పూర్తయినప్పుడు పని కొంత సులభం. అందులో ఇంట్రాన్‌లు చాలా తక్కువ కాబట్టి, ఏటీజీతో మొదలై విరామ కోడాన్ వరకు కనీసం 100 కోడాన్‌లు సాగే భాగాలను జన్యువులుగా లెక్కించారు. తంతు శిలీంధ్రాలలో అలా కుదరదు, జన్యువుల మధ్యలో ఇంట్రాన్‌లు వస్తాయి. కణం వాటిని కత్తిరించి ఎక్సాన్‌లను అతుకుతుంది. మన విశ్వవిద్యాలయానికి దగ్గరలోని ఫిలింనగర్ ఎడిటింగ్ గదుల్లో జరిగేదీ ఇలాంటి పనే. అయితే ఎడిటర్‌కు క్లాప్ బోర్డు గుర్తు ఉంటుంది. ఇక్కడ ఇంట్రాన్ మొదట జీటీ, చివర ఏజీ ప్రధాన గుర్తులు. ఆ అక్షరాలు యాదృచ్ఛికంగా ఎక్కడైనా వస్తాయి.

అందువల్ల అగస్టస్, జీన్‌మార్క్ వంటి ప్రోగ్రాములు సంభావ్యతను ఆశ్రయిస్తాయి. ప్రతి న్యూక్లియోటైడ్ ఎక్సాన్‌లోదా, ఇంట్రాన్‌లోదా, జన్యువుల మధ్య ఖాళీలోదా అని లెక్కగట్టి, మొత్తం మీద ఎక్కువ సంభావ్యత గల అమరికను ఎన్నుకుంటాయి. ఈ లెక్కకు శిక్షణ అవసరం. మానవుని ఇంట్రాన్‌లలో వేల న్యూక్లియోటైడ్‌లుండటం మామూలే, శిలీంధ్రాలలో సాధారణంగా వందకు అటూఇటూ. మానవ జన్యువులతో శిక్షణ పొందిన ప్రోగ్రాము ఇక్కడ తప్పటడుగు వేస్తుంది.

అసలు చిక్కు చిన్న జన్యువులతో వస్తుంది. ఏవీఆర్-పియా, ఏవీఆర్-పిఐఐ అనే జన్యువుల ప్రోటీన్‌లను వరిలోని నిరోధక జన్యువులు పసిగడతాయి. వీటిలో ఉన్నవి వరుసగా 85, 70 అమైనో ఆమ్లాలే. 100 కోడాన్‌ల నియమం పెడితే రెండూ జారిపోతాయి. ప్రజననకారునికి కావలసినవి సరిగ్గా ఇవే, ఎందుకంటే పొలంలోని శిలీంధ్రంలో ఏ ఏవీఆర్ జన్యువుందో తెలిస్తేనే ఏ నిరోధక జన్యువు పనిచేస్తుందో చెప్పగలం. నియమాన్ని సడలిస్తే యాదృచ్ఛిక భాగాలు వేలల్లో వచ్చి పడతాయి. కాబట్టి స్రావక సంకేతం ఉందా అని చూస్తారు, తెగులు సోకిన ఆకులోని ఆర్‌ఎన్‌ఏతోనూ పోల్చుతారు. గాజు పళ్లెంలో పెంచిన శిలీంధ్రపు ఆర్‌ఎన్‌ఏ చాలదు, ఇటువంటి జన్యువులు అనేకం మొక్కలో ప్రవేశించాకే పనిచేస్తాయి.

ఇంకొక సంగతి. ఈ రెండు జన్యువులను 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇనా168 అనే స్ట్రెయిన్‌లో, 70-15లో లేని సుమారు 16.8 లక్షల న్యూక్లియోటైడ్‌ల భాగంలో కనుగొన్నారు. 70-15 జీనోమ్‌ను ఎంత మంచి ప్రోగ్రాముతో గాలించినా అవి దొరికేవి కావు.