పాట్రిక్ పేరున ఊళ్లు, చర్చీలు

పునీత పాట్రిక్ 5వ శతాబ్దపు క్రైస్తవ ప్రచారకుడు. పుట్టింది రోమన్ బ్రిటన్‌లో. పదహారేళ్ల వయసులో దోపిడీగాళ్లు ఎత్తుకుపోయి ఐర్లండ్‌లో బానిసను చేశారు. ఆరేళ్లు మందలు కాసి, తప్పించుకుని ఇల్లు చేరాడు. తర్వాత బిషప్పయి మళ్లీ ఆ దేశానికే వెళ్లాడు. ఈ సంగతులన్నీ ఆయన లాటిన్‌లో రాసుకున్న ‘కన్ఫెస్సియో’లో ఉన్నాయి. తనను బానిసగా చూసిన జనం మధ్యకే తిరిగి వెళ్లిన ఆ తెగువ చాలా గొప్పది. ఆ పేరు ఐర్లండ్‌లో అంతగా పాతుకుపోవడానికి అదీ ఒక కారణమే.

ఆయన సమాధి ఉందని నమ్మే ఊరు డౌన్‌పాట్రిక్. కెథడ్రల్ పక్కన, ఆరుబయట, గడ్డిలో ఒక పెద్ద గ్రానైట్ బండ ఉంటుంది. దాని మీద ఒక శిలువ, ‘పాట్రిక్’ అన్న పేరు చెక్కి ఉంటాయి. బండను అక్కడ ఉంచింది మాత్రం 1900 ప్రాంతంలోనే. ఆర్మా పట్టణంలో ఆయన పేరుతో రెండు కెథడ్రల్స్ ఉన్నాయి: ఒకటి కేథలిక్కులది, ఇంకొకటి ప్రొటెస్టెంట్లది. ఆయన నలభై రోజులు ఉపవాసం చేశాడని చెప్పే క్రో పాట్రిక్ కొండ ఎత్తు 764 మీటర్లు. జులై చివరి ఆదివారం వేలమంది ఎక్కుతారు. మెట్ల దారిన తిరుమలకు నడిచే భక్తుల్లాగా కొందరు చెప్పుల్లేకుండానే వెళతారు.

19వ శతాబ్దంలో ఐరిష్ వలసదారులు, సైనికులు, ఫాదర్లు వెళ్లిన చోటికల్లా ఈ పేరు వెళ్లింది. న్యూయార్క్‌లో ఆయన పేరున్న కెథడ్రల్‌ను 1879లో ప్రతిష్ఠించారు. బెంగళూరులో సెయింట్ పాట్రిక్స్ చర్చి ఉంది. తెలుగునాట కంటోన్మెంట్ ఊరైన సికింద్రాబాద్‌లో సెయింట్ పాట్రిక్స్ హైస్కూలు ఉంది.

కడప జిల్లా దారి వేరు. జమ్మలమడుగు ప్రాంతంలో పనిచేసింది 1795లో ఏర్పడిన లండన్ మిషన్. అందులో ప్రధానంగా ఉన్న కాంగ్రిగేషనల్ సంప్రదాయంలో చర్చీని పునీతులకు అంకితం చేసే ఆనవాయితీ లేదు. అందుకే జమ్మలమడుగులో జనం నోట నిలిచింది పునీతుడి పేరు కాదు, మిషన్ వైద్యుడు థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్ పేరు. ఆ క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఇప్పుడు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)ది. కేథలిక్కుల కడప మేత్రాసనం 1976లో ఏర్పడింది. దాని కెథడ్రల్ మరియమాత పేరున ఉంది. పాట్రిక్‌ను కేథలిక్ క్యాలెండర్ మార్చి 17న స్మరిస్తుంది.