ముందంజలో ఉన్నవాడి భయం

చెడుగుడు చూసే పల్నాటి పెద్దలకు ఓ అలవాటు. తమ ఊరి జట్టు ఆరేడు పాయింట్లు ముందుకెళ్ళిందని కుర్రాళ్ళు ఈలలేస్తుంటే, వాళ్ళు మాత్రం "ఇంకా ఎంత టైముందిరా?" అని అడుగుతారు. ఆట తెలిసినవాళ్ళ ప్రశ్న అది. గడియారంతో నడిచే ఆటలో ముందున్నవాడు ఎదుటి జట్టుతోనే కాదు, మిగిలిన సమయంతో కూడా ఆడాలి. సమయాన్ని కరిగించబోయి ఎదుటివాడికి దొరికిపోయినవాళ్ళ ముచ్చట్లు ఇవి. కరిగించనందుకు దొరికిపోయినవాళ్ళవీ కొన్ని ఉన్నాయి.

ఖాళీ కూతల లెక్క

ప్రొ కబడ్డీలో ఆట 40 నిమిషాలు, కూత 30 సెకన్లు. ప్రతి కూతనూ చివరిదాకా వాడుకుంటే రెండు జట్లకూ కలిపి 80 కూతలు. ముందున్న జట్టు రైడర్ ఏం చేస్తాడు? మధ్య గీతకు 3.75 మీటర్ల దూరంలో ఉండే బాక్ లైన్‌ను ఒక్కసారి దాటతాడు. ఎవరి చేతికీ అందకుండా అటూ ఇటూ తిరిగి, ముప్పయ్యో సెకను దగ్గరపడగానే వెనక్కొచ్చేస్తాడు. పాయింటు రాలేదు, పోలేదు. అర నిమిషం మాత్రం పోయింది. చూసేవాళ్ళకు ఇంతకంటే విసుగు పుట్టించేది లేదు కాబట్టే 'డూ ఆర్ డై' నియమం ఉంది. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాలి, తేలేకపోతే రైడర్ బయటికి.

ఈ నియమానికో చిల్లు ఉంది. ఆఖరి రెండు నిమిషాల్లో పట్టేవి నాలుగు కూతలు, జట్టుకు రెండేసి. అప్పటికి ఖాళీ కూతల లెక్క సున్నా దగ్గరుంటే, మూడోది వచ్చేలోపే విజిల్ మోగుతుంది. తెలివైన కోచ్ నాలుగైదు నిమిషాల ముందు నుంచే ఈ లెక్క సర్దుకుంటూ వస్తాడు. చిక్కల్లా ఏమిటంటే, మనం ఖాళీగా వెళ్ళొచ్చామని అవతలివాడు ఖాళీగా రాడు. ముందున్న జట్టు పట్టుకు దిగకుండా వెనక్కి నక్కితే, ఆరుగురో ఏడుగురో కోర్టులో ఉన్నప్పుడు ఇంకో మీటరు లోపలున్న బోనస్ గీతను రైడర్ దర్జాగా తొక్కిపోతాడు. ఒక్కొక్క పాయింటే కదా అనుకుంటుండగానే ఆలౌట్ మీదపడుతుంది. అది పడితే అదనంగా రెండు.

ఓడిపోతూ కూడా జాగ్రత్త

గెలిచేవాడు జాగ్రత్తపడితే అర్థం ఉంది. ప్రొ కబడ్డీలో చాలా సీజన్లపాటు ఓడేవాడు కూడా జాగ్రత్తపడ్డాడు. 7 పాయింట్లు, అంతకంటే తక్కువ తేడాతో ఓడిన జట్టుకు పట్టికలో ఒక పాయింటు ఇచ్చేవాళ్ళు. ఆరు పాయింట్లు వెనకబడి ఒక నిమిషం మిగిలి ఉంటే, తెగించి పదికి పోవడం కంటే ఆరు దగ్గరే ఆగిపోవడం లాభం. దాంతో కొన్ని ఆటల చివర రెండు జట్లూ కూడబలుక్కున్నట్టు ఖాళీ కూతలే కూసేవి. నన్నడిగితే కబడ్డీకి అంతకంటే అవమానం లేదు.

ఇరాన్ నేర్పిన పాఠాలు, నేర్చుకున్న పాఠాలు

2016 అక్టోబరు 22న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్. విరామానికి ఇరాన్ 18, భారత్ 13. రెండో సగంలో అజయ్ ఠాకూర్ కూతల్లో చెలరేగాక ఇరాన్ ఆధిక్యం ఇట్టే ఆవిరైపోయింది. చివరికి భారత్ 38-29తో గెలిచింది. రెండేళ్ళు తిరగకుండానే 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో లెక్క తారుమారు. మొదట్లో మనవాళ్ళే ముందున్నారు, విరామానికి 9-9, చివరికి ఇరాన్ 27-18. ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ చేరినప్పటి నుంచీ మన జట్టుకు బంగారం రాకపోవడం అదే మొదటిసారి.

2023 హాంగ్‌ఝౌ ఫైనల్ మరీ విచిత్రం. విరామానికి ముందున్న భారత్‌ను ఇరాన్ 28-28 దగ్గర పట్టేసింది. అప్పుడు డూ ఆర్ డై కూతకు పవన్ సెహ్రావత్ వెళ్ళాడు. తెలుగు టైటాన్స్ వేలంలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి కొనుక్కున్నది ఇతన్నే. ఎవర్నీ తాకకుండా లాబీలోకి వెళ్ళిపోయాడు, వెంట ఇరాన్ డిఫెండర్లూ వెళ్ళారు. పాత నియమం ప్రకారం వాళ్ళూ అవుట్, కొత్త నియమం ప్రకారం రైడర్ ఒక్కడే అవుట్. ఏ నియమం వర్తిస్తుందో తేల్చడానికి దాదాపు గంటసేపు ఆట ఆగింది. 33-29తో బంగారం మనకొచ్చింది.

శనివారం ఆట

పల్నాడు నుంచి టెక్సాస్ వెళ్ళిన పిల్లలు ఫోన్లో చెప్పే వింతల్లో కాలేజీ ఫుట్‌బాల్ ఒకటి. శనివారం వస్తే యూనివర్సిటీ ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. ఆట సూత్రం తేలికే. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. బంతిని పట్టుకుని పరిగెత్తినవాణ్ణి మైదానం మధ్యలో పడగొడితే గడియారం నడుస్తూనే ఉంటుంది. విసిరిన బంతి నేలపాలైతే గడియారం ఆగిపోతుంది. అందుకే ముందున్న కోచ్ విసరడం మానేసి పరుగులే పెట్టిస్తాడు. అవతలివాళ్ళకు అది ముందే తెలుసు కాబట్టి మూడు పరుగుల్లో మూడు గజాలు కూడా రావు. నాలుగోసారి బంతిని దూరంగా తన్నేసి వాళ్ళకే అప్పగించాలి. అభిమానులు తిట్టిపోసే 'పిరికి ఆట' ఇదే.

పైస్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో అతిపెద్ద ఆధిక్యం పోగొట్టుకున్న జట్టు నార్త్‌వెస్టర్న్. 2006 అక్టోబరు 21న, సొంత మైదానంలో, మూడో పాదంలో 38-3తో ముందుంది. మిషిగన్ స్టేట్ వరసగా 38 పాయింట్లు చేసి 41-38తో గెలిచింది. 2017 సెప్టెంబరు 3న టెక్సాస్ ఎ అండ్ ఎం వంతు. యూసీఎల్ఏ మీద 44-10 ఆధిక్యం, చివరికి 45-44 ఓటమి. నాలుగో పాదంలో జోష్ రోజెన్ విసిరిన నాలుగు బంతులు గమ్యం చేరాయి. ఆ నవంబరులోనే కోచ్ కెవిన్ సమ్లిన్‌కు ఉద్వాసన పలికారు.

ఇక మోకాలి సంగతి. గెలిచే జట్టు ఆఖర్లో బంతి అందుకుని మోకాలు నేలకానిస్తే చాలు, ప్రయత్నం అయిపోతుంది, గడియారం నడుస్తుంది. ఒకప్పుడు దీన్ని మగతనం లేని పనిగా చూసేవాళ్ళు. 1978 నవంబరు 19న ప్రొఫెషనల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్ 17-12తో ముందుండి, అర నిమిషం మిగిలి ఉండగా మోకాలు ఆనించకుండా బంతిని చేతులు మార్చబోయింది. జారిన బంతిని ఈగల్స్ ఆటగాడు హెర్మ్ ఎడ్వర్డ్స్ ఎత్తుకుని అవతలి గీత దాటేశాడు. ఆ ఎత్తుగడ వేసిన సహాయ కోచ్ ఉద్యోగం మర్నాడే ఊడింది. అప్పటినుంచీ మోకాలు ఆనించడంలో ఎవరికీ నామోషీ లేదు.

ఎవరికీ లేదన్నానుగానీ, 2023 అక్టోబరు 7న మయామి యూనివర్సిటీ అచ్చం అదే పని చేసింది. 20-17తో ముందుంది. మోకాలు ఆనిస్తే ఆట అయిపోయేది. ఎందుకో పరుగు పెట్టించారు, బంతి జారింది, 26 సెకన్లు మిగిలి ఉన్నాయి. జార్జియా టెక్‌కు అవి సరిపోయాయి. 23-20.

అతి జాగ్రత్తా? అతి దూకుడా?

2017 ఫిబ్రవరి 5న సూపర్ బౌల్‌లో అట్లాంటా ఫాల్కన్స్ 28-3తో ముందుండి 34-28తో ఓడిన కథ ప్రపంచమంతా తెలుసు. చాలామంది మర్చిపోయేది, ఫాల్కన్స్ పిరికిగా ఆడి ఓడలేదు. ఎనిమిది పాయింట్లు ముందుండి, గోల్‌పోస్టులకు అందేంత దగ్గరకు వచ్చాక, మూడు పరుగులు పెట్టి బంతిని ఆ గోల్‌పోస్టుల మధ్యకు తన్నేసుంటే ఆట దాదాపు ముగిసేది. వాళ్ళు విసరడానికి చూసి, వెనక్కి నెట్టించుకుని, ఆ అవకాశమే పోగొట్టుకున్నారు. నార్త్‌వెస్టర్న్ కోచ్‌ని తిట్టిన నోటితోనే అట్లాంటా కోచ్‌నీ తిట్టొచ్చు. ఓడాక ఏ ఎత్తుగడైనా తప్పుగానే కనిపిస్తుంది.

దూకుడుకు దేవుడు లాంటివాడు కెవిన్ కెల్లీ. ఆర్కన్సాలోని పులాస్కీ అకాడమీ అనే హైస్కూలు కోచ్. నాలుగో ప్రయత్నంలో బంతిని తన్నేయడం దండగని లెక్కలు వేసి, తన్నడం దాదాపు పూర్తిగా మానేశాడు. రాష్ట్ర టైటిళ్ళు తొమ్మిది గెలిచాడు. డేవిడ్ రోమర్ అనే ఆర్థికవేత్త 2006లో అచ్చువేసిన పరిశోధన తేల్చింది కూడా దాదాపు ఇదే. ప్రొఫెషనల్ కోచ్‌లు నాలుగో ప్రయత్నంలో అవసరానికి మించి భయపడుతున్నారని. సరే, 2021లో కెల్లీ ప్రెస్బిటీరియన్ కాలేజీకి కోచ్‌గా వెళ్ళాడు. మొదటి రెండు ఆటలూ గెలిచాడు. తర్వాతి తొమ్మిదీ ఓడాడు. ఒక్క సీజన్‌తో మూటాముల్లె సర్దుకున్నాడు.

గడియారం లేనిచోట

బ్యాడ్మింటన్‌లో కరిగించడానికి సమయమే లేదు. 21వ పాయింటు దాకా ఆడి తీరాలి. 2021 డిసెంబరులో స్పెయిన్‌లోని వెల్వాలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడిన కిదాంబి శ్రీకాంత్ మొదటి గేమ్‌లో 9-3తో ముందున్నాడు. సింగపూర్ కుర్రాడు లో కీన్ యూ 21-15, 22-20తో గెలిచాడు. రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ మారిన్‌కు వదులుకుంది. 2006కు ముందైతే సర్వీసు చేసినవాడికే పాయింటు వచ్చేది. ముందున్నవాడు తన సర్వీసులో ఒక ర్యాలీ ఓడితే సర్వీసు పోయేదంతే, అవతలివాడి స్కోరు పెరిగేది కాదు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది ఆ పద్ధతిలోనే. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ పాయింటు కాబట్టి ఆధిక్యం కరిగే వేగం కూడా పెరిగింది.

టెస్టు క్రికెట్‌లో 274 పరుగుల ఆధిక్యం దొరికాక ఏం చేయాలి? 2001 మార్చిలో కోల్‌కతాలో స్టీవ్ వా దూకుడుగా భారత్‌ను ఫాలోఆన్ ఆడించాడు. మన హైదరాబాదీ లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. వరసగా 16 టెస్టులు గెలిచొచ్చిన ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడింది. ఫాలోఆన్ ఆడిన జట్టు గెలవడం టెస్టు చరిత్రలో అది మూడోసారే. ఆ తర్వాత ఫాలోఆన్ ఆడించడానికి వెనకాడే కెప్టెన్లు పెరిగారు. లక్ష్మణ్ ఒక్క ఇన్నింగ్స్‌తో ప్రపంచ కెప్టెన్లకు పిరికిమందు పోశాడన్నమాట.

గురజాల, మాచర్ల

పల్నాటి కథలో ఆధిక్యం ఎవరిదో మనకందరికీ తెలుసు. కోడిపోరులో బ్రహ్మనాయుడి పక్షం ఓడి, ఏడేళ్ళు రాజ్యం వదిలిపోయింది. గడువు తీరాక మాచర్ల భాగం తిరిగివ్వాలి. నాగమ్మ పక్షం ఇవ్వలేదు. రాయబారానికి వెళ్ళిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. గెలిచిన పందేన్ని గడువు దాటాక కూడా పట్టుకు కూర్చున్న ఫలితం కారెంపూడి నాగులేటి ఒడ్డున తేలింది. ఇటు బ్రహ్మనాయుడిది జాగ్రత్త. సంధి దారి చూస్తూ బాలచంద్రుణ్ణి మేడపిలో ఉంచేశాడు. ఉంటాడా? వచ్చాడు, సంధి మాట పక్కకుపోయింది. కథలో మనసు బాలచంద్రుడి వైపే లాగుతుంది, నాకు మాత్రం తండ్రి లెక్కే సరైందనిపిస్తుంది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులకు ఐదు పేర్లు. రాయబారానికి ఒక రోజు, కోడిపోరుకు ఒక రోజు. రెంటికీ సమానమే.

బండలాగుడు

ఆధిక్యం మీద కూర్చోవడం బొత్తిగా కుదరని పందెం మన దగ్గరే ఉంది. ఒంగోలు జాతి ఎద్దుల బండలాగుడు. సమయం అందరికీ ఒకటే, లాగిన దూరం అడుగుల్లో కొలుస్తారు. మొదట్లోనే ఉరికించిన జత చివర్లో చతికిలబడుతుంది. కాబట్టి ఇక్కడ ఊపిరి దాచుకోవడం పిరికితనం కాదు, తోలేవాడి పనితనం. ముందు లాగిన జతకు ఇంకో చిక్కు. ఎంత దూరం చాలో తెలీదు, లాగేశాక చేయగలిగిందేమీ లేదు. మిగిలిన జతలన్నీ వరసగా వస్తుంటే యజమాని గట్టున నిలబడి చూడాల్సిందే. మొదటి చీటీ తనకు రావాలని ఎవరూ కోరుకోరు.