మీకు తెలుసా? పైథాన్‌లో మన పేర్లు

2001లో రూపొందిన ‘పెప్ 8’ అను పైథాన్ శైలీమార్గదర్శిని, వేరియబుళ్ల పేర్లను చిన్న అక్షరములతో వ్రాసి పదముల నడుమ అండర్‌స్కోరు నుంచవలెననియు, క్లాసు పేర్లలో ప్రతి పదమును పెద్ద అక్షరముతో ఆరంభింపవలెననియు నిర్దేశించుచున్నది. 2008లో వెలువడిన పైథాన్ 3 తెలుగు లిపిని సైతము అంగీకరించుటచే, పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి తన వేరియబుల్‌కు ‘పులివెందుల_చీనీ_ధర’ అని పేరిడినను ప్రోగ్రాము నిరాటంకముగా నడచును.

మన లిపిలో పెద్ద, చిన్న అక్షరముల భేదము లేనందున, పెప్ 8 చెప్పిన ఆ రెండు నియమములలో అండర్‌స్కోరు నియమమే మనకు అక్కరకు వచ్చును. ‘సాఫ్ట్‌వేర్’ అను పదమున పొల్లు వెనుక కంటికి కానరాక నిలుచు ‘జీరో విడ్త్ నాన్‌జాయినర్’ అను సంకేతమును మాత్రము పైథాన్ తిరస్కరించును, కావున అట్టి పేరును ‘సాఫ్ట్_వేర్’ అని విడదీసి వ్రాయుట శ్రేయస్కరము.